వెయ్యి రూపాయల్లో వేడి అదుపులో ఉండే సోల్డరింగ్ ఐరన్ ఎలా చేసుకోవాలి

మామూలు పాతిక వాట్ల ఐరన్‌ని ప్లగ్గులో పెట్టి పావుగంట వదిలేస్తే బిట్ (ఐరన్ కొసన వేడెక్కే మొన) నల్లబడుతుంది. ఆ తర్వాత లెడ్ (టంకం తీగ) దానికి అంటుకోదు, బంతిలా గుండ్రంగా మారి జారిపోతుంది. అదే ఐరన్‌తో పెద్ద గ్రౌండ్ ప్యాడ్ (బోర్డు మీది వెడల్పు రాగి చోటు) మీద టంకం వేయబోతే బిట్ చల్లబడి లెడ్ ముద్ద కట్టి కూర్చుంటుంది. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. తన బిట్ ఎంత వేడిగా ఉందో ఆ ఐరన్‌కి తెలియదు.

చాలామంది దీనికి ఫ్యాన్ రెగ్యులేటర్‌నో డిమ్మర్‌నో మధ్యలో పెడతారు. బిట్ నల్లబడటం కొంత తగ్గుతుంది కానీ పని అక్కడితో ఆగిపోతుంది. డిమ్మర్ ఎప్పుడూ ఒకే మోతాదులో కరెంటు పంపుతుంది. బిట్ పెద్ద ప్యాడ్‌కి తగిలి వేడి కోల్పోయినప్పుడు అదనంగా ఇవ్వాలని దానికి తెలియదు. వేడిని కొలిచే సెన్సర్ బిట్ దగ్గరే ఉండాలి, ఆ కొలతను చూసి హీటర్‌ని వేసి ఆర్పే సర్క్యూట్ వెనక ఉండాలి. ఇక్కడ చెప్పేది అదే. ఇందులో మైక్రోకంట్రోలర్ లేదు, కోడ్ లేదు. ఎనిమిది కాళ్ల ఐసీ ఒక్కటే అంతా చూసుకుంటుంది.

ముందే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. బిట్ 350 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు సెన్సర్ ఇచ్చేది సుమారు 13 మిల్లీవోల్టులు మాత్రమే. ఈ ఐరన్ నడిచేదీ ఆగేదీ ఆ 13 మిల్లీవోల్టుల మీదే. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా వాటిని కాపాడుకోవడం కోసమే.

ఏమేం కావాలి

అన్నిటికంటే ముఖ్యం హ్యాండిల్. "907 హ్యాండిల్, 24 వోల్టులు, 50 వాట్లు" అని అడగండి, లేదా 936 సోల్డరింగ్ స్టేషన్‌కి వేసే హ్యాండిల్ అన్నా ఇస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి నైక్రోమ్ చుట్టు హీటర్, లోపల థర్మోకపుల్ (వేడిని బట్టి చిన్న వోల్టేజి పుట్టించే సెన్సర్) ఉంటుంది. రెండోది సెరామిక్ హీటర్, దాని సెన్సర్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగే రకం. మనకు కావాల్సింది మొదటిది. సెరామిక్ హీటర్ చల్లగా ఉన్నప్పుడు 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. 24 వోల్టులు ఇవ్వగానే 8 ఆంపియర్లు లాగబోతుంది, చిన్న పవర్ సప్లై అక్కడే చేతులెత్తేస్తుంది. పైగా దాని సెన్సర్‌కి సర్క్యూట్ వేరే ఉండాలి.

పవర్ కోసం 19 వోల్టుల పాత లాప్‌టాప్ అడాప్టర్ తీసుకోండి. 65 వాట్లదైనా, 90 వాట్లదైనా సరిపోతుంది. 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై పెడితే హీటర్ పూర్తి 50 వాట్లు ఇస్తుంది, 19 వోల్టుల మీద 31 వాట్లే వస్తాయి. అయినా మొదటిసారి చేసేవాళ్లకు అడాప్టరే మేలు. 230 వోల్టులు దాని డబ్బాలోనే సీలై ఉంటాయి, మీ చేతికి తగిలే చోట ఎక్కడా ఉండవు. ఓపెన్ ఎస్‌ఎంపీఎస్ స్క్రూల మీద వేలు పడితే రెండో అవకాశం ఉండకపోవచ్చు. టైప్‌-సి చార్జర్ మాత్రం పనికిరాదు, అది అడగనిదే 5 వోల్టులు దాటి ఇవ్వదు.

మిగతావి: ఎల్‌ఎం358 ఐసీలు నాలుగు (వాడేది ఒకటే, నాలుగెందుకో తర్వాత చెప్తాం), ఎనిమిది కాళ్ల ఐసీ సాకెట్, ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (హీటర్‌ని వేసి ఆర్పే స్విచ్ ఇదే), 7812 రెగ్యులేటర్ (ఐసీకి 12 వోల్టులు ఇచ్చేది), 1ఎన్4007 డయోడ్ ఒకటి, ఎల్‌ఈడీ ఒకటి. రెసిస్టర్లలో 100 ఓమ్‌లది ఒకటి, 1కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) రెండు, 2.2కె రెండు, 4.7కె, 10కె, 33కె, 220కె ఒక్కొక్కటి, 1 మెగా ఓమ్ రెండు. 50కె మల్టీటర్న్ ప్రీసెట్ (ఒకసారి సర్ది వదిలేసే రెసిస్టర్), నాబ్‌తో సహా 10కె లీనియర్ పాట్ (నాబ్ తిప్పి మార్చుకునే రెసిస్టర్). కెపాసిటర్లలో 104 అని రాసి ఉండేవి నాలుగు, 470 మైక్రోఫారడ్ 35 వోల్టులది ఒకటి. వీటితో పాటు 3 ఆంపియర్ల గాజు ఫ్యూజు, దాని హోల్డర్, స్విచ్, అడాప్టర్ పిన్నుకి సరిపోయే జాక్, హ్యాండిల్ ప్లగ్గుకి సరిపోయే ఐదు పిన్నుల సాకెట్, డాట్ బోర్డు, కరెంటు సామాన్ల షాపులో దొరికే ప్లాస్టిక్ స్విచ్ బాక్స్, స్ప్రింగ్ స్టాండ్.

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. పాత అడాప్టర్లకు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వైపు వెళ్లండి. హ్యాండిల్‌కి మూడు నాలుగు వందలు, అడాప్టర్‌కి రెండు మూడు వందలు, చిల్లర సామాన్లకు మరో మూడు నాలుగు వందలు పెట్టుకుంటే మొత్తం వెయ్యి చుట్టుపక్కల తేలుతుంది. ఇంట్లో పాత అడాప్టర్ మూలన పడి ఉంటే ఇంకా తక్కువ. షాపులో దొరికే రెడీమేడ్ స్టేషన్‌తో పోలిస్తే మిగిలేది బ్రహ్మాండమైన మొత్తమేమీ కాదు. కానీ రేపు ఏది పాడైనా పది ముప్పై రూపాయల ముక్క మార్చుకుని మళ్లీ వాడుకోవచ్చు. దీన్ని అతికించడానికి మాత్రం మామూలు ఐరన్ ఒకటి కావాలి, అది పక్కింట్లోంచి తెచ్చుకున్నా ఫరవాలేదు.

హ్యాండిల్‌లోని ఐదు వైర్లు గుర్తుపట్టడం

వైర్ల రంగులు నమ్మొద్దు. ఒకే షాపులో కొన్న రెండు హ్యాండిళ్లకు రంగులు వేర్వేరుగా ఉండొచ్చు. మల్టీమీటర్‌ని 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి ఒక మొనను బిట్ లోహానికి ఆనించండి. ఏ వైరు దగ్గర సున్నాకి దగ్గరగా చూపిస్తే అది ఎర్త్. మిగిలిన నాలుగింటిలో 12 ఓమ్‌ల చుట్టూ చూపించే జత హీటర్. ఒకటి నుంచి ఐదు ఓమ్‌ల మధ్య చూపించే జత థర్మోకపుల్. హీటర్ జత 3 ఓమ్‌లు, సెన్సర్ జత 43 నుంచి 58 ఓమ్‌లు చూపిస్తే మీకు సెరామిక్ రకం అంటగట్టారన్నమాట, వెనక్కిచ్చి మార్చుకోండి.

తర్వాతది థర్మోకపుల్ ప్లస్, మైనస్ తేల్చడం. దీన్ని దాటేయొద్దు. మీటర్‌ని 200 మిల్లీవోల్టుల డీసీ రేంజికి మార్చి సెన్సర్ జతకు పెట్టండి. హీటర్ జతకు అడాప్టర్ నుంచి నేరుగా పది పదిహేను సెకన్లు కరెంటు ఇచ్చి తీసేయండి. మీటర్ మీద అంకె మెల్లగా 1, 2, 4 అంటూ పైకి పోతుంటే ఎర్ర మొన ఉన్న వైరు ప్లస్. ముందు మైనస్ గుర్తు పడి అంకె పెరుగుతుంటే తిరగేసి ఉన్నట్టు. ప్లస్ వైరుకి చిన్న టేపు ముక్క చుట్టండి. దీన్ని తిరగేసి కలిపితే బిట్ వేడెక్కేకొద్దీ ఇంకా చల్లబడుతోందని సర్క్యూట్ అనుకుంటుంది, హీటర్‌ని ఆపనే ఆపదు. బిట్ ఎర్రగా కాలేదాకా మీకు ఏ సూచనా రాదు.

సర్క్యూట్ ఎలా కలపాలి

అడాప్టర్ ప్లస్ ముందు ఫ్యూజుకి, అక్కడి నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి బోర్డుకి. బోర్డు మీద ప్లస్, మైనస్‌ల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్. కొన్ని అడాప్టర్ల పిన్ను మధ్యలో సన్నటి మూడో కాంటాక్టు ఉంటుంది, అది లాప్‌టాప్‌కి తన వివరం చెప్పుకోవడానికి పెట్టింది. దాన్ని ఎక్కడా కలపకుండా టేపు చుట్టి వదిలేయండి.

ప్లస్ నుంచి 1ఎన్4007 డయోడ్ మీదుగా 7812 మొదటి కాలికి. చారల వైపు 7812 వైపు ఉండాలి. 7812 ముందూ వెనకా ఒక్కో 104 కెపాసిటర్ గ్రౌండ్‌కి వేయండి. దీనికి హీట్‌సింక్ అక్కర్లేదు, మోసేది పది పదిహేను మిల్లీఆంపియర్లే. దాని నుంచి వచ్చే 12 వోల్టులు ఎల్‌ఎం358 ఎనిమిదో కాలికి, నాలుగో కాలు గ్రౌండ్‌కి. ఈ రెండు కాళ్ల మధ్య, సాకెట్‌కి ఆనుకుని మరో 104.

ఎల్‌ఎం358లో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. మొదటిది సెన్సర్ సిగ్నల్‌ని పెంచుతుంది. థర్మోకపుల్ ప్లస్ నుంచి 1కె మీదుగా మూడో కాలికి వెళ్లండి. థర్మోకపుల్ మైనస్ గ్రౌండ్‌కి. రెండో కాలి నుంచి గ్రౌండ్‌కి రెండో 1కె. ఒకటో కాలికీ రెండో కాలికీ మధ్య 220కె, 50కె ప్రీసెట్ రెండూ వరసగా. ఆ రెంటి చివరల మీద నాలుగో 104 అడ్డంగా పెడితే ఫ్యాన్లూ ట్యూబులైట్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల పోతుంది. దీంతో సిగ్నల్ 221 నుంచి 271 రెట్ల దాకా పెరుగుతుంది. థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది కాబట్టి, ప్రీసెట్ మధ్యలో ఉన్నప్పుడు ఒకటో కాలి దగ్గర డిగ్రీకి దాదాపు 10 మిల్లీవోల్టుల లెక్క కుదురుతుంది.

ఇప్పుడు 1 మెగా ఓమ్ రెసిస్టర్. ఇది 12 వోల్టుల నుంచి థర్మోకపుల్ ప్లస్‌కి వెళ్తుంది. కేబుల్ ఎక్కడైనా తెగితే ఈ రెసిస్టర్ మూడో కాలిని పైకి లాగేస్తుంది, సర్క్యూట్ "మరీ వేడెక్కింది" అనుకుని హీటర్ ఆపేస్తుంది. ఇది లేకపోతే వైరు తెగిన రోజు ఏం జరుగుతుందో చెప్పలేం. అయితే దీన్ని ఎక్కడ కలుపుతున్నారో చూసుకోండి. 1కెకి సాకెట్ వైపు, అంటే థర్మోకపుల్ వైపు కలపాలి. పొరపాటున ఐసీ మూడో కాలి వైపు కలిపితే, దాని ద్వారా వచ్చే 12 మైక్రోఆంపియర్లు 1కె గుండా పోతాయి, అక్కడ 12 మిల్లీవోల్టులు పుడతాయి. గది వేడిలో ఉన్న బిట్‌ని చూసి సర్క్యూట్ 300 డిగ్రీలు అనుకుంటుంది, హీటర్ సరిగ్గా వేడెక్కదు. బోర్డు మీద ఈ రెండు చోట్ల మధ్య దూరం ఒక్క రెసిస్టరే.

రెండో ఆంప్లిఫయర్ పోల్చి చూస్తుంది. ఒకటో కాలి నుంచి నేరుగా ఆరో కాలికి వైరు. 12 వోల్టుల నుంచి 33కె, దాని కింద 10కె పాట్, దాని కింద 4.7కె, అక్కడి నుంచి గ్రౌండ్. పాట్ మధ్య కాలు 2.2కె మీదుగా ఐదో కాలికి. ఈ లెక్కన నాబ్ ఒక చివర 1.2 వోల్టులు, మరో చివర 3.7 వోల్టులు వస్తాయి. అంటే సుమారు 145 నుంచి 395 డిగ్రీలు. అంతకు మించి ఇవ్వకపోవడం కావాలనే చేసింది. 400 దాటిస్తే బిట్ పూత తొందరగా పోతుంది. జాయింటుకి వేడి చాలకపోతే వెడల్పు బిట్ మార్చాలి గానీ నాబ్ తిప్పకూడదు.

ఏడో కాలి నుంచి ఐదో కాలికి ఇంకో 1 మెగా ఓమ్ కావాలి, ఆ విలువ రెండు కొనమన్నది అందుకే. ఇది లేకపోతే సెట్ చేసిన చోటికి రాగానే ఎల్‌ఈడీ వణుకుతుంది. ఉంటే సుమారు ఏడు నుంచి పదమూడు డిగ్రీల తేడా వచ్చేదాకా ఆగి అప్పుడు మారుతుంది.

ఏడో కాలు 100 ఓమ్‌ల మీదుగా మాస్‌ఫెట్ గేట్‌కి. గేట్ నుంచి గ్రౌండ్‌కి 10కె. ఏడో కాలి నుంచే 2.2కె మీదుగా ఎల్‌ఈడీకి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి. మాస్‌ఫెట్ అక్షరాలు మీవైపు పెట్టుకుని చూస్తే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. హీటర్ ఒక కొన స్విచ్ తర్వాతి ప్లస్‌కి, రెండో కొన డ్రెయిన్‌కి, సోర్స్ గ్రౌండ్‌కి. హీటర్‌కి ప్లస్ మైనస్ తేడా లేదు. మాస్‌ఫెట్‌కి కూడా హీట్‌సింక్ వద్దు, చేత్తో పట్టుకుంటే వేడి తెలియదు.

గ్రౌండ్‌లు కలిసే చోటు

ఇక్కడ తప్పు చేసి సర్క్యూట్ పనిచేయట్లేదని పారేసేవాళ్లే ఎక్కువ. పది సెంటీమీటర్ల సన్న వైరుకి సుమారు 10 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. అందులోంచి హీటర్ కరెంటు 1.6 ఆంపియర్లు పోతే ఆ వైరు మీద 16 మిల్లీవోల్టులు నిలబడతాయి. థర్మోకపుల్ మైనస్‌ని ఆ వైరు ఒక చివరా, రెండో కాలి 1కెని మరో చివరా కలిపారనుకోండి. హీటర్ వెలగగానే సర్క్యూట్‌కి 400 డిగ్రీలు అదనంగా కనిపిస్తాయి, వెంటనే ఆర్పేస్తుంది, ఆర్పగానే ఆ 16 మిల్లీవోల్టులు మాయం, మళ్లీ వేస్తుంది. ఎల్‌ఈడీ సగం వెలుగుతో మిణుకుమంటుంది, బిట్ మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది.

అందుకని రెండు గ్రౌండ్‌లు పెట్టుకోండి. మాస్‌ఫెట్ సోర్స్ నుంచి పవర్ జాక్ మైనస్‌కి లావు వైరు నేరుగా. మిగతా అన్నిటికీ, అంటే ఐసీ నాలుగో కాలు, 1కె, 4.7కె, 7812, థర్మోకపుల్ మైనస్, అన్నీ ఒక చిన్న రాగి తీగ ముక్క మీద కలిపి, అక్కడి నుంచి విడిగా ఇంకో వైరు జాక్ మైనస్‌కి. థర్మోకపుల్ మైనస్, రెండో కాలి 1కె మాత్రం ఒకే రంధ్రం దగ్గర కలవాలి.

హ్యాండిల్ ఎర్త్ వైరు సంగతి. మూడు పిన్నుల అడాప్టర్ అయితే దాని లావు ఎర్త్ పిన్నుకీ అవుట్‌పుట్ మైనస్‌కీ మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే హ్యాండిల్ ఎర్త్‌ని జాక్ మైనస్‌కి కలిపితే చాలు. రాకపోతే, లేదా అడాప్టర్ రెండు పిన్నులదైతే, ఒక త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్నుకి మాత్రమే వైరు బిగించి తెచ్చి హ్యాండిల్ ఎర్త్‌కీ జాక్ మైనస్‌కీ కలపండి. అలా చేయకపోతే అడాప్టర్ లోపలి కెపాసిటర్ల నుంచి కారే ఏసీ బిట్ మీదికి వస్తుంది. చేతికి చిమచిమ అనిపిస్తుంది, మీరు అతికించే మాస్‌ఫెట్లు, సెన్సర్ చిప్పులు మాత్రం తట్టుకోకపోవచ్చు. ఇంట్లో సాకెట్ ఎర్త్ నిజంగా పనిచేస్తోందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

హీటర్ కలపకముందు చేసే పరీక్షలు

ఐసీ పెట్టకుండా కరెంటు ఇచ్చి సాకెట్ ఎనిమిది, నాలుగు కాళ్ల మధ్య 12 వోల్టులు వస్తున్నాయో చూడండి. తీసేసి ఐసీ పెట్టండి. థర్మోకపుల్ రాబోయే రెండు చోట్లను చిన్న వైరుతో షార్ట్ చేసి ఒకటో కాలి వోల్టేజి కొలవండి. ఐసీ ఆదర్శంగా ఉంటే సున్నా రావాలి. ఎల్‌ఎం358 అలాంటిది కాదు. లోపల రెండు మూడు మిల్లీవోల్టుల సొంత తేడా ఉండటం దానికి మామూలే, అది 245 రెట్లు పెరిగి అరవోల్టుకి పైగా అవుతుంది, అంటే 50 డిగ్రీలకు పైగా. నాలుగు ఐసీలు కొనమన్నది అందుకే. ఒక్కొక్కటీ సాకెట్‌లో పెట్టి చూసి, 0.05 నుంచి 0.3 వోల్టుల మధ్య చూపించేదాన్ని ఉంచుకోండి. సరిగ్గా సున్నా చూపించేది మంచిదనుకోకండి. దాని తేడా మైనస్ వైపు ఉండి ఉండొచ్చు, సున్నాకి కిందికి దిగలేక అక్కడ ఆగి ఉంటుంది, ఎంత తేడానో తెలిసే దారి లేదు. మీరు ఎంచుకున్న ఐసీ అంకె కాగితం మీద రాసుకోండి.

షార్ట్ ఉండగానే నాబ్ తిప్పితే ఐదో కాలి దగ్గర 1.2 నుంచి 3.7 దాకా మారాలి, ఎల్‌ఈడీ వెలుగుతూ ఉండాలి. ఇప్పుడు షార్ట్ తీసేయండి. ఒకటో కాలు 10 వోల్టుల దాకా ఎగబాకి ఎల్‌ఈడీ ఆరిపోవాలి. ఆరకపోతే 1 మెగా ఓమ్ దగ్గర ఏదో తప్పుంది, అది తేలేదాకా హీటర్ జోలికి వెళ్లొద్దు.

తర్వాత థర్మోకపుల్ కలిపి, హీటర్ స్థానంలో బైక్ ఇండికేటర్ బల్బులు, 12 వోల్టుల 10 వాట్లవి, రెండు వరసగా కలపండి. నాబ్ అడుగుకి తిప్పి పవర్ ఇస్తే బల్బులు వెలుగుతాయి. లైటర్ మంట బిట్ కింద పెట్టండి. కాసేపటికి రెండు బల్బులూ టక్కున ఆరిపోవాలి. మంట తీసేస్తే బిట్ చల్లారాక వాటంతట అవే వెలగాలి. మంట పెట్టినా ఆరకపోతే థర్మోకపుల్ తిరగబడింది. ఇది తేల్చుకోవడానికి అయ్యే ఖర్చు రెండు బల్బులు, హీటర్‌తోనే తేల్చుకుంటే ఒక హ్యాండిల్.

డిగ్రీలు సరిచూడటం

ఇప్పుడు హీటర్ కలపండి, నాబ్ మధ్యలో పెట్టండి. నిమిషంన్నర రెండు నిమిషాల్లో ఎల్‌ఈడీ ఆరి, ఆపైన ఆగి ఆగి మినుకుతుంది. మొదటి విడతలో సెట్ చేసినదాన్ని కాస్త దాటి వెళ్లి వెనక్కి వస్తుంది. హీటర్ లోపల నిలిచిన వేడి బిట్‌లోకి ఆలస్యంగా దిగడం వల్ల అది తప్పదు.

కొలవడానికి థర్మోకపుల్ ప్రోబ్ ఉన్న మల్టీమీటర్ కావాలి. డీటీ838 లాంటి చవక మీటర్లతో ఆ ప్రోబ్ కూడా వస్తుంది. బిట్ కొసన లెడ్ చుక్క నిలిపి ప్రోబ్ గుండుని ఆ చుక్కలో ముంచి కదలకుండా పట్టుకోండి. లెడ్ లేకుండా ఒట్టి ఆనిస్తే 30, 40 డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. ప్రోబ్ 330 దగ్గర నిలిచేలా నాబ్ తిప్పండి. గది వేడి 30 అనుకుంటే తేడా 300 డిగ్రీలు, అంటే ఒకటో కాలి దగ్గర 3.00 వోల్టులు ఉండాలి, దానికి మీరు రాసుకున్న ఐసీ అంకె కలపండి. 0.12 అయితే 3.12. ప్రీసెట్ తిప్పుతూ అక్కడికి తీసుకురండి. ప్రీసెట్ తిప్పినప్పుడల్లా బిట్ వేడి కూడా మారుతుంది కాబట్టి నాబ్, ప్రీసెట్ రెండూ మూడు నాలుగు సార్లు మార్చి మార్చి సర్దాలి. కుదిరాక 200, 250, 300, 350 దగ్గర రెండేసి నిమిషాలు ఆగి నాబ్ చుట్టూ గీతలు పెట్టుకోండి.

ప్రోబ్ లేదా? నాబ్ అడుగు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ 60/40 లెడ్ తీగను బిట్‌కి ఆనిస్తూ పోండి. అది పూర్తిగా కరిగి పారే చోటు 190. ఆ సమయంలో ఒకటో కాలి వోల్టేజి రాసుకుంటే, అక్కడి నుంచి పైకి ప్రతి 0.1 వోల్టుకి 10 డిగ్రీల చొప్పున గీతలు పెట్టుకోవచ్చు. అంత కచ్చితం కాదు కానీ పనికి చాలు.

థర్మోకపుల్ కొలిచేది బిట్‌కీ హ్యాండిల్‌కీ ఉన్న తేడా. కాబట్టి జనవరి పొద్దుటి గీతలు మే నెల మధ్యాహ్నం 15, 20 డిగ్రీలు ఎక్కువ ఇస్తాయి. టంకానికి అది లెక్కలోకి రాదు.

ఏమైనా తేడా వస్తే

సెన్సర్ 350 అంటోంది, ఎల్‌ఈడీ మినుకుతోంది, లెడ్ మాత్రం మొండికేస్తోంది. చవక బిట్లలో ఇది ఎక్కువ. బిట్ లోపలి గొట్టం వదులుగా ఉండి హీటర్‌కి తాకదు, మధ్యలో గాలి నిలుస్తుంది. చల్లారాక విప్పి, బిట్‌ని హీటర్ మీదికి తొడిగి ఊపి చూడండి. గలగలలాడితే ఆ బిట్ పక్కన పెట్టి బిగుతుగా కూర్చునే 900ఎం రకం బిట్ కొనండి. దాన్ని హీటర్ చివర దాకా నెట్టి అప్పుడు నట్ బిగించాలి.

పవర్ ఇచ్చినా ఎల్‌ఈడీ వెలగకపోతే ముందు ఒకటో కాలు చూడండి. 10 వోల్టులుంటే థర్మోకపుల్ తెగింది. చాలాసార్లు హ్యాండిల్ మెడ దగ్గర, కేబుల్ వంగే చోట తెగుతుంది. అక్కడ ఓ అంగుళం కత్తిరించి మళ్లీ అతికిస్తే బాగవుతుంది. మూడు వోల్టులుంటే 1 మెగా ఓమ్ తప్పు వైపు పడింది.

నాబ్ తిప్పినా బిట్ వేడి దానికి తగ్గట్టు రాకపోతే, మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా, రెసిస్టర్ రంగులు చూడండి. రెండో కాలి దగ్గర 1కె బదులు 10కె పడి ఉంటే సిగ్నల్ పదో వంతే పెరుగుతుంది, అప్పుడు బిట్ ఎర్రబడుతుంది. పాట్ కింది 4.7కె స్థానంలో 470 ఓమ్‌లది పడితే గీతలన్నీ కిందికి జారతాయి. పసుపు వెలుతురులో ఎరుపు, నారింజ, గోధుమ రంగు చారలు ఒకలాగే కనిపిస్తాయి, పెట్టేముందు ప్రతిదాన్నీ మీటర్‌తో కొలవడమే తేలిక.

ఎల్‌ఈడీ ఆరి ఉన్నా బిట్ వేడెక్కుతూనే ఉంటే మాస్‌ఫెట్ షార్ట్ అయింది. మాస్‌ఫెట్లు పోయేటప్పుడు ఎక్కువగా ఇలాగే పోతాయి, 1 మెగా ఓమ్ కాపలా దీనికి పనిచేయదు. వెంటనే స్విచ్ ఆపండి. దీన్ని వెలిగించి గది వదిలి వెళ్లకూడదనడానికి కారణం కూడా ఇదే.

60/40 లెడ్‌తో మామూలు కాళ్ల పార్టులకు 320 నుంచి 340 పెట్టుకోండి, సన్న ఎస్‌ఎండీ (బోర్డు మీదే అతికే చిన్న పార్టుల) పనికి 300 చాలు, లావు గ్రౌండ్ ప్యాడ్‌లకు వెడల్పు బిట్ వేసి 370. పది నిమిషాలకు మించి పక్కన పెడుతుంటే నాబ్ 200కి దించండి. ఆపేముందు బిట్ మీద లెడ్ పూత వదిలేయండి, తుడిచి ఆపితే మర్నాటికి నల్లబడుతుంది. విడి మాస్‌ఫెట్ ఒకటి, ఫ్యూజులు రెండు, ఐసీ పరీక్షలో మిగిలిన ఎల్‌ఎం358లు డబ్బా మూత లోపలి వైపు టేపుతో అంటించి, వాటి పక్కనే ఒక్కో ఐసీ చూపించిన అంకె రాసి పెట్టుకోండి.